కుడిపక్క అంగుళం ఎత్తు

హజార్డ్, కెంటకీ
మే 4, 1998

ఓపల్ వదినకు,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. నీ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది. రోజూ పొద్దున్నే దాన్ని బల్ల మీద పెట్టి, దాని మీద కాఫీ కప్పు పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నాను. ఇప్పుడు దాని మీద నీ అక్షరాలకంటే నా కప్పు మరకలే ఎక్కువ. జవాబు రాకపోతే తనే మర్చిపోతుందిలే అనుకున్నాను. తరవాత గుర్తొచ్చింది, మీ పెళ్ళైన ఏడాది నేను పగలగొట్టిన గాజు గిన్నె సంగతే నువ్వింకా మర్చిపోలేదని.

సరే. నువ్వు రాసింది నాకర్థమైన మేరకు తిరిగి రాస్తున్నాను, తప్పుంటే దిద్దు. అన్నయ్య పోయి ఏడాదిన్నర కావస్తోంది. ఆయన ముప్పయ్యేళ్ళు ప్రాణంలా చూసుకున్న ఆకుపచ్చ ప్లిమత్ కారు నీ షెడ్డులో ఉంది. బతికుండగా ఒక్కనాడూ దాని తాళం నీ చేతికివ్వలేదు. పోతూ మాత్రం కారు నీ పేర రాసి పోయాడు. ఇప్పుడు కంటి డాక్టరు నీ చూపు మధ్యలో మచ్చ కడుతోందనీ, అది పెరిగేదే గాని తరిగేది కాదనీ చెప్పాడు. అక్టోబరు తొమ్మిదిన, నీ డెబ్బయ్యో పుట్టినరోజున, లైసెన్సు గడువు తీరిపోతుంది. ఆ రోజు కంటి పరీక్షలో నువ్వు నెగ్గవు. కాబట్టి ఈలోగా, సెప్టెంబరు ఇరవయ్యారున బ్రష్ క్రీక్ ట్రాకులో జరిగే పాత కార్ల పందెంలో, ఆ కారుని పావు మైలు నువ్వు తోలాలి. ఒక్కసారి. అందుకు వెనక కమాను పట్టీలు, కారు బరువు మోసే ఆ ఇనప స్ప్రింగులు, బాగుచెయ్యాలి. ఎలాగో నేను చెప్పాలి.

నలభయ్యేళ్ళు బొగ్గు లారీలకి కమానులు కట్టినవాణ్ణి కాబట్టి నన్నడిగావు. బాగానే ఉంది. కానీ వదినా, లారీ కమాను వేరు, పందెం కారు కమాను వేరు. మా దగ్గరికి ఎస్టిల్ నేపియర్ అని ఒక డ్రైవరు వచ్చేవాడు. లారీకి రెండు లారీల బొగ్గు ఎక్కించేవాడు. "ఇంకొక్క పట్టీ వెయ్యి వెర్లిన్, ఇంకొక్కటే" అనేవాడు. వేశాను. ఇంకోటన్నాడు. వేశాను. చివరికి ఆ లారీ ఖాళీగా వెళ్తున్నప్పుడు ఎలా ఎగిరేదంటే, ఒకరోజు వాడి టోపీ లారీ పైకప్పుకి తగిలి అణిగిపోయి కళ్ళ మీదికి దిగింది. సరిగ్గా నీళ్ళకాలవ దగ్గర మలుపులో. వాడు బతికాడు, లారీ బతకలేదు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, కమానుతో ఆటలాడితే చివరికి ఎవరో ఒకరి కళ్ళు మూసుకుపోతాయని. నీ విషయంలో ఆ పని ఇప్పటికే సగం అయింది.

కోపం తెచ్చుకోకు. నీకు డెబ్బయ్యేళ్ళు వస్తున్నాయి. చర్చిలో పాటల పుస్తకం ఇంకొకరు పట్టుకుని చదివిపెడుతుంటే పాడుతున్నానని నువ్వే రాశావు. ఆ కారు ఇంజను సంగతి నీకు తెలీదు.

మానెయ్యమని నా సలహా. మానవని నాకు తెలుసు. నువ్వు రాసిన రెండో సంగతి, కారు వెనక కుడిపక్క అంగుళం ఎత్తుగా ఉందనేది, దాని గురించి ఆలోచించి రాస్తాను.

నీ మరిది,
వెర్లిన్


హామిల్టన్, ఒహాయో
మే 13

వెర్లిన్,

నా కళ్ళ గురించి నీకు రాసింది నువ్వు నాకు తిప్పి రాయడానికి కాదు.

విను. నాకు పోయింది మధ్యలోది. పక్కలు బాగానే కనిపిస్తున్నాయి. పందెం ట్రాకులో బయల్దేరమని చెప్పే దీపాల స్తంభం పక్కనే ఉంటుంది. రోడ్డు తిన్నగా ఉంటుంది. మధ్యలో చూడ్డానికి ఏముంది? ఎదురుగా ఎవరూ రారు. పగటిపూట దగ్గర దూరాలు తోలచ్చని డాక్టరే అన్నాడు. పావు మైలుకంటే దగ్గరేముంటుంది?

ముప్పయ్యేళ్ళు నేను శనివారాలు ఆ ట్రాకు పక్కన మడత కుర్చీలో కూచున్నాను. ఆయన వచ్చి, "చూశావా ఎలా లేచిందో!" అనేవాడు. చూశాను. చూడ్డమే చేశాను. "ఒకసారి నేను తోల్తాను హాలిస్" అంటే, "దీని క్లచ్చు నీకు లొంగదులే" అనేవాడు. ఆయన పికప్పు క్లచ్చు నాకు లొంగింది. ఆయనే లొంగాడు నలభయ్యేడేళ్ళు.

పక్కింటి ఎమ్మెట్ స్ట్రూబుల్ సాయం చేస్తానన్నాడు. ముప్పయ్యేళ్ళు బస్సు డిపోలో మెకానిక్కు. మంచివాడు, నోరు మాత్రం ఆగదు. నిన్న కారు వెనక నిలబడి తల వంచి చూసి, "ఓపల్ గారూ, మీ కారు కాలు ఎత్తిన కుక్కలా ఉందండీ" అన్నాడు.

అదే నా బాధ. పాతికేళ్ళు తెరల కంపెనీలో అంచులు కుట్టినదాన్ని. వంకర ఉంటే నా వేలికి తెలుస్తుంది, కన్ను అక్కర్లేదు. కుడి చక్రం పైన అంచు అంగుళం ఎత్తుగా ఉంది. ఎందుకు? సూటిగా అడుగుతున్నాను. సూటిగా చెప్పు. లారీలూ టోపీలూ వద్దు.

ఓపల్


హజార్డ్
మే 24

వదినా,

సూటిగానే చెప్తాను.

అన్నయ్య రెండువందల నలభై పౌండ్ల మనిషి. డ్రైవరు సీటు ఎడమపక్క ఉంటుంది. ముప్పయ్యేళ్ళు ఆ బరువు ఒకే మూల కూచుంది. ఇనుముకి కూడా అలసట ఉంటుంది వదినా. రోజూ కొంచెం, కంటికి కనపడనంత కొంచెం, పట్టీ వంపు తగ్గుతూ వస్తుంది. కుడిపక్క ఎత్తు లేవలేదు, ఎడమపక్క కుంగింది. అంతే.

మా అమ్మ వంటింట్లో ఆయన కూచునే కుర్చీ గుర్తుందా? బీన్సూ మొక్కజొన్న రొట్టే తింటూ ఎప్పుడూ ఎడమ మోచేతి మీద వాలేవాడు. ఆ కుర్చీ ఎడమ కోళ్ళు రెండూ నేల బల్లల్లోకి గుంటలు చేశాయి. ఇల్లమ్మేసినప్పుడు కొన్నాయన ఆ గుంటల్ని చూసి ఎలకలా అని అడిగాడు. కాదు, మా అన్నయ్య అన్నాను.

చెయ్యవలసింది ఇది. కుడి కమాను కట్టలో, ముందు వైపు సగం దూరమే ఉండే పొట్టి పట్టీ ఒకటి ఉంటుంది. అది తీసెయ్. కుడిపక్క దిగి, రెండూ సమానమవుతాయి. నీ మనసూ కుదుటపడుతుంది.

వెర్లిన్


హామిల్టన్
జూన్ 15

వెర్లిన్,

నీ ఉత్తరం భూతద్దం పెట్టుకుని రెండుసార్లు చదివాను. తరవాత ఎమ్మెట్ చేత మూడోసారి చదివించుకున్నాను. కుర్చీ గుంటల దగ్గరికి వచ్చేసరికి ఆయన కాగితం దించి, "మీ మరిది రాస్తాడండోయ్" అన్నాడు.

అప్పుడు షెడ్డులోకెళ్ళి ఎడమ చక్రం పక్కన బకెట్టు బోర్లించి కూచున్నాను. ఆయన బట్టలు చర్చికిచ్చేశాను. బూట్లిచ్చేశాను. మంచం నా బరువుకి తిరిగి సమానమైపోయింది. ఈ అంగుళం మాత్రం మిగిలింది. చెయ్యి పెట్టి కొలిచాను. చాలాసేపు ఏడ్చాను వెర్లిన్, ఆయన చచ్చినప్పుడు కూడా అంత ఏడవలేదు.

నాలుగురోజులు దాన్ని ముట్టుకోలేదు. ఎమ్మెట్ వచ్చి, "తీద్దామాండీ, వద్దాండీ?" అని అడిగి వెళ్ళేవాడు. చివరికి, బాగా తోలాలంటే తియ్యాలని నువ్వే చెప్పావు గదా అని, తీద్దామన్నాను.

అంత తేలిగ్గా రాలేదు. కమానుని ఇరుసుకి పట్టి ఉంచే యూ బోల్టులు తుప్పుకి ఒకే ముద్ద అయిపోయాయి. మూడురోజులు నూనె పోస్తూనే ఉన్నాం. ఒకటి వచ్చింది, మిగతావి కోసేశాడు. "ఇవి ఊడదియ్యాలంటే దేవుడే దిగి రావాలి, వచ్చినా పానా తెచ్చుకోవాలి" అన్నాడు. సెంటర్ బోల్టు తీసేముందు కట్ట విచ్చుకుని మొహాన తగలకుండా రెండు పెద్ద బిగింపులు వేశాం. నేనే తిప్పాను ఒకదాన్ని. పొట్టి పట్టీ బయటికొచ్చింది. ఎమ్మెట్ దాన్ని తిరగేసి చూసి, "ఇది ఫ్యాక్టరీది కాదండీ, చివర సుత్తి దెబ్బలున్నాయి. ఎవడో కూచుని చేత్తో వంచాడు. ఎవడోగాని పనివాడే" అన్నాడు. ఆయనకి నచ్చిందని ఇచ్చేశాను. రెండు ముక్కలు కోసి, తోటలో కలుపు తీసే కత్తి చేసుకున్నాడు.

ఇప్పుడు కారు సమానంగా ఉంది. మట్టం పెట్టి చూశాం, బుడగ నడిమధ్యన నిలబడింది. ఎవరి కారో అన్నట్టుంది.

ఓపల్


హామిల్టన్
జులై 9

వెర్లిన్,

నిన్న ట్రాకుకి తీసుకెళ్ళాం. బుధవారం సాయంత్రాలు ఎవరైనా తోలి చూసుకోవచ్చు.

దీపం పచ్చబడింది. క్లచ్చు వదిలాను. ఆ తరవాత జరిగింది ఎలా చెప్పను? మెట్ల మీంచి బీరువా దొర్లించినట్టు. వెనకభాగం లేచి పడుతోంది, లేచి పడుతోంది, ధడధడా. పైన పెట్టుడు పళ్ళు ఊడి ఒళ్ళో పడ్డాయి. కారు గోడవైపు పక్కకి నడిచింది. కాలు తీసేశాను. ముప్పై అడుగులు కూడా పోలేదు. వెనక వరసలో ఎవరో, "బామ్మగారూ, ఎక్కింది గుర్రమా, కారా?" అని అరిచాడు. పళ్ళు చేతిలో పట్టుకుని జవాబేం చెప్తాను?

మూడుసార్లు ప్రయత్నించాను. మూడుసార్లూ అంతే. ఎమ్మెట్ కిందకి దూరి చూసి, వెనక చక్రాల ఇరుసు, యాక్సిల్, తిరగబడాలని చూస్తోందండీ అన్నాడు. రోడ్డు మీద ఒకటే నల్లటి చార ఉంది. కుడి చక్రానిది.

నువ్వు చెప్పినట్టే చేశాను గదా. ఏం తప్పు చేశాను? రోజులు అయిపోతున్నాయి. ఎదురుగా ఉన్న మనిషికి ముక్కు కనపడ్డం లేదు నాకు. వెంటనే రాయి.

ఓపల్


హజార్డ్
జులై 20

వదినా,

పళ్ళ సంగతి చదివి నవ్వాననుకుంటావేమో, నవ్వలేదు.

అది షాకుల వల్ల, కుదుపులు మింగే గొట్టాల వల్ల, కావచ్చు. పాతబడ్డ షాకులు చప్పబడిపోతాయి. కొత్తవి వేయించు. టైర్లలో గాలి కొంచెం తగ్గించి చూడు. అప్పటికీ ఎగిరితే, వదినా, కొన్ని కార్లకి వయసైపోతుంది. మనుషులకి లాగే. మా ఊరి పోస్టుమాస్టరు అరవయ్యేళ్ళొచ్చాక గుర్రం ఎక్కడం మానలేక, ఎక్కించడానికి ఇద్దర్ని, దింపడానికి ముగ్గుర్ని పెట్టుకున్నాడు. ఆ మూడో మనిషి ఎందుకని అడిగితే,

ఈ కథ ఇంకోసారి. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి.

వెర్లిన్


హామిల్టన్
ఆగస్టు 10

వెర్లిన్,

కొత్త షాకులు వేశాం. గాలి తగ్గించాం. రెండు బుధవారాలు వెళ్ళాం. అలాగే ఎగురుతోంది. మొన్నటిసారి ట్రాకు వాళ్ళే వచ్చి, "అమ్మా, ఇలా ఉంటే పందెంలోకి రానివ్వం" అన్నారు. మర్యాదగానే అన్నారు.

ఇంక వదిలేస్తున్నాను. సెప్టెంబరు లేదు, ఏమీ లేదు. నువ్వు మొదటే మానెయ్యమన్నావు, వినలేదు, అయింది.

ఒక్కటి మాత్రం అడుగుతాను. ఎడమపక్క మళ్ళీ ఆ అంగుళం కుంగేలా చెయ్యడానికి వీలుందా? తోలడానికి కాదు. ఊరికే. ఆదివారం చర్చిలో లేథా అమ్మగారికి చెప్పాను, మా ఆయన కూచున్న చోటు కారు ఇనుములో ఉండిపోయిందని. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. తరవాత నలుగురొచ్చి చూస్తామన్నారు. షెడ్డులోకి తీసుకెళ్ళాక గుర్తొచ్చింది, నేనే తీసేశానని. చూపించడానికి ఏమీ లేదు. నలుగురూ సమానంగా ఉన్న కారు చుట్టూ నిలబడి, బావుంది బావుంది అని వెళ్ళారు.

ఎమ్మెట్‌ని అడిగితే ఇసుక బస్తా పెడదామంటాడు. నాకు ఇసుక బస్తా వద్దు.

ఓపల్


హజార్డ్
ఆగస్టు 17

వదినా,

ఈ ఉత్తరంలో పిట్టకథలుండవు. ఉన్నదొకటే, అదీ నేనే కట్టింది, దాన్నిప్పుడు విప్పుతున్నాను.

అన్నయ్య బరువుకి ఆ కారు కుంగలేదు. మనిషి బరువుకి ఆ కమాను కుంగదు. నేను మే నెలలో రాసింది అబద్ధం. కుర్చీ గుంటలు నిజం, కారు గుంట అబద్ధం. నిజానికి ఆనించి పెడితే అబద్ధం బాగా నిలబడుతుందని పెట్టాను. రాశాక బావుందని కూడా అనుకున్నాను. అదీ నా రోగం.

ఆ కారు ఒరిగి ఉండాలి. కావాలని ఒరిగించింది. అంత బలమైన ఇంజను ఒక్కసారి తిప్పితే, ఆ మెలి వెనక యాక్సిల్‌కి తగిలి కుడి చక్రాన్ని నేలమీంచి తేల్చేస్తుంది. తేలిన చక్రం ఊరికే తిరుగుతుంది. నీకు ఒకటే నల్ల చార కనిపించింది అందుకే. కుడి కమాను గట్టిగా, ఎత్తుగా ఉంటే, బయల్దేరే క్షణంలో ఆ మెలి దాన్ని నొక్కి సమానం చేస్తుంది. నిలబడి ఉన్నప్పుడు వంకర, పరిగెత్తేటప్పుడు తిన్నన. ఇక ఆ పొట్టి పట్టీ, యాక్సిల్ ముందుకి మెలితిరగకుండా అడ్డుకునేది అదొక్కటే. అది తీయించాను నేను. నీ పళ్ళు ఊడింది అందుకే.

నాకెలా తెలుసంటే, అవి నేను చేసినవి. 1970 చలికాలం. అన్నయ్య కారు ఇక్కడికి తెచ్చాడు. మూడు ఆదివారాలు చర్చి మానేసి షాపులో కొలిమి వెలిగించాం. నాలుగుసార్లు వంచాను. మూడుసార్లు తప్పు. నాలుగోసారి బయట మట్టిరోడ్డు మీద తోలి వచ్చి, కిటికీలోంచి తల బయటపెట్టి, "ఒరేయ్! ఒరేయ్ వెర్లిన్!" అన్నాడు. నా జన్మలో నేను చేసిన మంచి పని అదొక్కటే. మిగతాదంతా బొగ్గు మొయ్యడానికి.

ఆ వేసవిలో మీ ట్రాకుకి వచ్చాను. నువ్వు మడత కుర్చీలో ఉన్నావు. ఎవరో అన్నయ్యని అడిగారు, ఈ కమానులెక్కడివని. "ఫ్యాక్టరీవి, ప్రత్యేకంగా తెప్పించా" అన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. రహస్యం బయటపడకూడదని అన్నాడులే అనుకున్నాను. ఇరవయ్యెనిమిదేళ్ళు అదే అనుకున్నాను. తరవాత కారు నీ పేర రాశాడు. నాకిస్తాడనుకున్నాను వదినా. అనుకున్నానని ఎవరికీ చెప్పలేదు. నాకు కావాలి ఆ కారు. తోలింది ఆయనైనా, నిలబెట్టింది నేను. అంతలో నీ ఉత్తరం వచ్చింది, దాన్ని తోలడానికి సాయం చెయ్యమని.

నీ కళ్ళ గురించి భయపడి అలా రాశానని నాకు నేను చెప్పుకున్నాను. అది కొంత నిజం. ఎంత కొంతో నాకే తెలీదు.

అన్నయ్య కూచున్న చోటు ఆ కారులో లేదు. దాన్ని నేను కల్పించాను, నువ్వు దాని పక్కన బకెట్టు మీద కూచుని ఏడ్చావు. ఆ ముక్క చదివినప్పట్నించీ నాకు అన్నం సయించడం లేదు.

వెర్లిన్


హామిల్టన్
ఆగస్టు 25

శ్రీ వెర్లిన్ సైజ్‌మోర్ గారికి,

మీ ఉత్తరం అందింది. ఎమ్మెట్ గారి చేత చదివించుకున్నాను. ఆయన మధ్యలో ఆగిపోయి, "మిగతాది మీరే చదువుకోండి" అన్నారు. చదువుకున్నాను. సాయంత్రం దాకా పట్టింది.

పట్టీ పాడుచేసినందుకు నాకు కోపం లేదు. పట్టీ ఇనుము.

లేథా గారికి నిజం చెప్పాను.

ఆ పొట్టి పట్టీ ఇప్పుడు కలుపు కత్తి అయింది. మీరే ఇంకొకటి చేసి పంపాలి. సెప్టెంబరు పన్నెండుకల్లా నాకు అందాలి. దాంతోపాటు ఎలా బిగించాలో రాయండి. అది తప్ప మరేమీ రాయకండి.

ఓపల్ సైజ్‌మోర్


హజార్డ్
సెప్టెంబరు 8

వదినా,

పట్టీ బస్సు పార్శిల్లో వేశాను. ఇప్పటికే చేరి ఉంటుంది.

బిగించే పద్ధతి: పొడుగు వైపు ముందుకి. గుర్తుగా తెల్ల రంగు చుక్క పెట్టాను. యాక్సిల్‌కి ముందున్న బిగింపులు రెండూ గట్టిగా. వెనకున్నవి వదులుగా, పట్టీలు జారేంత. యూ బోల్టులు కొత్తవే వెయ్యాలి. బిగించింది కారు నేల మీద నిలబెట్టాక మళ్ళీ ఒకసారి బిగించాలి. ఒక పూట తోలాక ఇంకోసారి.

మరేమీ రాయొద్దన్నావు. ఒక్కటి రాస్తాను, ఇది పట్టీ గురించే. షాపు మూసేసి నాలుగేళ్ళైంది. కొలిమి పొగగొట్టంలో పిట్టలు గూడు కట్టాయి. పాత వంపు కొలత ఎక్కడా రాసి పెట్టుకోలేదు, నా చేతిలో ఉందనుకున్నాను. మొదటిది నూనెలో ముంచగానే పగిలింది. రెండోది పగల్లేదు, వంపే తప్పు. నా చేతిలో సుత్తి అనుకున్నచోట దిగడం మానేసింది. మూడోది మంచిదే. పాతదంత మంచిది కాదు. ఆ మాట నీకు చెప్పాలి.

వెర్లిన్


హామిల్టన్
సెప్టెంబరు 28

వెర్లిన్ గారికి,

పార్శిలు పదిన అందింది. మీరు చెప్పినట్టే బిగించాం. కారు మళ్ళీ వంకరగా నిలబడింది. ఈసారి నేను మట్టం పెట్టలేదు.

పందేనికి ముందు తనిఖీ ఆయన కారు కిందికి టార్చి వేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇవెక్కడివమ్మా?" అన్నాడు.

"మా మరిది చేశాడు. హజార్డులో. వెర్లిన్ సైజ్‌మోర్" అన్నాను. పేరు ఒక్కో అక్షరం చెప్పాను.

"1970లో," అని ఎమ్మెట్ అందుకున్నాడు. "ఒక పట్టీ మాత్రం ఈ నెలది."

ఆయన తల ఊపి కాగితం మీద "ఇంట్లో చేసినవి" అని రాసుకున్నాడు. మా మరిది పేరు రాయి బాబూ అన్నాను. దానికి గడి లేదమ్మా అన్నాడు.

పక్క వరసలో డేటన్ నించి వచ్చినాయన, మీగడ రంగు కారు. ముందు నాకు కనపడిందంతా బూడిదరంగు మచ్చ. పక్కన దీపాలు స్పష్టంగా కనిపించాయి. కిందికి దిగాయి, దిగాయి, పచ్చ. వదిలాను.

ఎగరలేదు వెర్లిన్. ఒక్కసారి అదిమి, అలా కూచుని, పోయింది. నా వీపు సీటుకి అంటుకుపోయింది. గేర్లు చెవితో మార్చాను. రెండోది ఆలస్యమైంది, ఇంజను గోల చేసింది. నువ్వు రాశావే, పరిగెత్తేటప్పుడు తిన్నన అని. కూచున్నచోట తెలుస్తుంది అది. అంచు కుట్టినప్పుడు వేలి కింద తెలిసినట్టు తెలిసింది.

పదిహేను పాయింటు మూడు సెకన్లు. ఓడిపోయాను. మీ అన్నయ్య మంచి రోజున పదమూడున్నరకి పోయేవాడు. డేటన్ ఆయన వచ్చి చెయ్యి కలిపి, "బాగా లేచిందండీ" అన్నాడు. ఎమ్మెట్ బయల్దేరినచోటికి నడిచి వెళ్ళి వచ్చి, "రెండు చారలండీ! రెండూ సమానం! అడుగులతో కొలిచా!" అని అరుస్తున్నాడు. బస్సు డిపోలో ముప్పయ్యేళ్ళు చేసి ఇంత సంతోషపడ్డం ఎన్నడూ లేదట.

నాకు సంతోషం కంటే ముందు కోపం వచ్చింది. ముప్పయ్యేళ్ళు శనివారం శనివారం ఈ పదిహేను సెకన్లు ఆయనొక్కడే దాచుకున్నాడు. నన్ను పక్కన కుర్చీలో కూచోబెట్టి. నీ పేరు చెప్పలేదు, నాకు తాళం ఇవ్వలేదు. ట్రాకు చివర ఆగి, తలుపు తియ్యకుండా, లోపలే కూచుని ఆ మనిషిని నోటికొచ్చినట్టు తిట్టాను. ఎమ్మెట్ వచ్చి కిటికీ కొట్టి, "దెబ్బ తగిలిందాండీ?" అని అడిగేదాకా తిట్టాను.

నువ్వు చేసింది నేను మర్చిపోను. అది వేరు.

ఓపల్


హామిల్టన్
అక్టోబరు 10

వెర్లిన్,

నీ ఉత్తరం అందింది. నాలుగు వాక్యాలు. నువ్వింత చిన్న ఉత్తరం రాయగలవని నాకు తెలీదు. కారు గురించి ఏమీ అడగలేదు.

నిన్న లైసెన్సు ఆఫీసుకి కారులోనే వెళ్ళాను. తొమ్మిదో తారీకు దాకా నాది చెల్లుతుంది, కాబట్టి వెళ్ళాను. ఎమ్మెట్ తీసుకెళ్తానన్నాడు, వద్దన్నాను. నాలుగు వీధులు, మధ్యాహ్నం. ఎవరికీ తగల్లేదు.

కౌంటరు దగ్గరమ్మాయి మిషన్లోకి చూడమంది. పై వరస చదివాను. రెండో వరస ఏదీ అన్నాను. ఉందండీ అంది. నాకు లేదమ్మా అన్నాను. తల ఎత్తకుండా కత్తెర తీసి లైసెన్సు మూల కత్తిరించి తిరిగి ఇచ్చింది. గుర్తింపు కార్డులా వాడుకోవచ్చట.

బయటికొచ్చాక గుర్తొచ్చింది, కారు ఇక్కడే ఉందని. తోలకూడదు. లోపలికెళ్ళి అడిగితే, వచ్చే శుక్రవారం పొద్దున్నదాకా ఉంచుకోవచ్చు, ఆ తరవాత లాక్కెళ్ళిపోతామన్నారు. తాళం ఆ అమ్మాయి దగ్గరే పెట్టాను. నీ పేరు చెప్పాను. రాసుకుంది. ఎమ్మెట్‌ని తియ్యమనచ్చు, కానీ ఆయన దాన్ని తోలనంటున్నాడు, భయమట.

నీకు లైసెన్సు ఉంది. కారు పచ్చగా ఉంటుంది, వెనక వరసలో, చెత్త డబ్బా పక్కన.

నేను బస్సెక్కి ఇంటికొచ్చి బీన్సు పొయ్యి మీద పెట్టాను.

ఓపల్